పోతపోసిన విమానములు

విమానముల బొమ్మలు పలు విధములు. కఱ్ఱతో చెక్కినవి, కాగితముతో మడచినవి, ప్లాస్టిక్ ముక్కలను జిగురుతో నతికించి చేసినవి, రబ్బరు త్రాడు మెలిత్రిప్పి యెగురవేయునవి గలవు. ఈ వ్యాసమున వాని నన్నిటిని విడిచి, కరగిన లోహమును ఉక్కు అచ్చులలో నొత్తి పోసి, నిజమైన విమానముయొక్క కొలతలను లెక్కచొప్పున తగ్గించి, దాని రంగులను, పేరును, నమోదు అక్షరములను ఉన్నవి యున్నట్లు ముద్రించిన ప్రతిమలను గూర్చి మాత్రమే చెప్పదలచితిని. వీనిని డై-కాస్టు మోడళ్లందురు. ఇట్టివానిని కూర్చి దాచుకొనువారు అనేక దేశములందు గలరు. వారిలో తఱచుగా విమానప్రయాణము చేయువా రొక ప్రత్యేకమైన తెగ. ఇతరులు అందమును జూచి కొందురు; వీరు తా మెక్కిన విమానమును వెదకి కొందురు.

ఈ సంవత్సరము మన పాఠశాల భూగోళశాస్త్రపు గదిలో నొక గాజు బీరువా చేరినది. అందు 96 విమానములు గలవు. వాని నిచ్చినవారు మా అక్కగారి భర్త. ఆయన విశాఖపట్టణమున ఓడల యంత్రములను బాగుచేయు ఇంజనీరుగా ముప్పదియొక్క సంవత్సరములు పనిచేసి యిటీవల విరమించిరి. ఏ రేవులో ఓడ నిలిచిపోయిన నా రేవునకు వెంటనే పోవలసిన యుద్యోగ మగుటచేత, ఆయన జీవితములో పెద్దభాగము విమానములలోను, విమానాశ్రయములలోను గడచినది. బీరువా వచ్చిన నాటినుండి విద్యార్థులు నన్ను విడువక ప్రశ్నించుచున్నారు. ఇవి యెట్లు చేయుదురు? ఇంత బరువేల? ఇవి యెగురునా? తోకపై నున్న యక్షరము లేమి? తల్లిదండ్రులు మాత్రము సామాన్యముగా నొక్కటే యడుగుదురు: వెల యెంత? అన్నిటికిని ఒక్కచోట సమాధానము వ్రాసిన మేలని తోచినది.

మొదట పోత సంగతి. మన కంచరివారు మైనపు ప్రతిమమీద మట్టి పూసి, మైనమును కరగించి తీసి, ఆ ఖాళీలో లోహమును పోయుట మీలో కొందఱు చూచియుందురు. ఆ పద్ధతిలో ఒక యచ్చునకు ఒక ప్రతిమయే. ప్రతిమ వెలికి రావలెనన్న మట్టి యచ్చును పగులగొట్టవలయును. డై-కాస్టు పద్ధతిలో అచ్చు ఉక్కుతో చేసినది. అది రెండు చెక్కలుగా నుండి, పెట్టెవలె మూసికొని తెఱచుకొనును. లోహము కుండనుండి మెల్లగా జారదు. ముషలకముతో మిక్కిలి బలముగా లోపలికి నెట్టబడును. అందుచేత కిటికీ గీతలు, ఱెక్కల కీళ్లు, యింజను గొట్టముల అంచులు మొదలగు వెండ్రుకవాసి గుర్తులలోనికి కూడ లోహము పోయి కూర్చుండును. కొన్ని క్షణములలో గట్టిపడును. చెక్కలు విడిపోయి విమానపు శరీరము వెలికి వచ్చును, మరల మూసికొనును. ఇట్లు ఒక యచ్చునుండి లక్షలకొలది పోతలు తీయవచ్చును.

ఇందుకు వాడు లోహము జింకు, అనగా మన తుత్తునాగము. దానితో కొంచెము అల్యూమినియము, మఱికొంచెము మెగ్నీషియము, రాగి కలుపుదురు. 1929వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీవారు ఈ మిశ్రమమును సిద్ధపఱచిరి. జర్మను భాషలో ఆ నాలుగు లోహముల పేర్ల మొదటి యక్షరములను కూర్చి దీనికి జామక్ అని పేరు పెట్టిరి. నిజమైన విమానము అల్యూమినియముతో చేయబడుచుండగా బొమ్మకు జింకేల యని యడుగవచ్చును. అల్యూమినియము కరుగుటకు 660 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి కావలెను. ఈ మిశ్రమమునకు 400 లోపుగానే చాలును. వేడిమి తగ్గినకొలది ఉక్కు అచ్చు ఎక్కువకాలము మన్నును, పనియు త్వరగా సాగును. కాని జింకు అల్యూమినియముకంటె రెండు రెట్లకు పైగా బరువు. బొమ్మను చేతిలోనికి తీసికొన్న పిల్లవాడు మొదట ఆశ్చర్యపడుట కిదియే కారణము.

ఉక్కు అచ్చును చెక్కించుట చాల ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు రావలెనన్న నొక్క విమానసంస్థ రంగులతో అమ్మిన చాలదు. కాబట్టి తయారుచేయువారు ఒకే అచ్చునుండి తీసిన శరీరములకు ఒకసారి ఇండియా రంగులు, ఒకసారి జర్మనీ రంగులు, మఱొకసారి జపాను రంగులు వేసి, ఒక్కొక్క రంగున కొన్ని వందలు, లేక ఒకటి రెండు వేలు మాత్రము చేసి అమ్ముదురు. అవి యమ్ముడైన పిమ్మట మరల చేయకపోవచ్చును. అందుచేతనే కావలసినవాడు త్వరపడవలసివచ్చును, పాతవాని వెల పెరుగును. అచ్చులో ముక్కు కొంచెము మొద్దుగా చెక్కబడెనా, ఆ మొద్దుతనము ఆ అచ్చునుండి వచ్చిన దేశదేశముల విమానములన్నిటికిని వచ్చును. బీరువాలో రెండవ అరలో నాలుగు సంస్థల బోయింగు 737 లున్నవి. ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు, అన్నదమ్ములు తెలియుదురు.

రంగు వేసిన తరువాత పేరు, చిహ్నము, కిటికీలు ముద్రింపవలెను. శరీరము గుండ్రనిది గనుక కాగితముమీద వలె ముద్రింప వీలులేదు. లోహఫలకముపై చెక్కిన గుంటలలో సిరా నింపి, మెత్తని సిలికోన్ దిండును దానిపై నొత్తి, ఆ దిండును విమానముపై నొత్తుదురు. దిండు మెత్తనిది గనుక వంపునకు తగినట్లు వంగి, సిరాను చక్కగా అంటించును. ఎయిర్ ఇండియా వారి బోయింగు 747 లకు 1971 మొదలుకొని కిటికీ కిటికీ చుట్టును రాజస్థానపు గవాక్షముల యాకృతిని ఎఱ్ఱని రంగుతో చిత్రించెడివారు. బొమ్మపై నా గవాక్ష మొక్కొక్కటి ఇంచుమించు మిల్లీమీటరు ప్రమాణము గలది. భూతద్దముతో చూచిన గాని దాని కొన తెలియదు. బీరువా ప్రక్కన భూతద్దమును దారముతో కట్టియుంచుటకు కారణ మిదియే. దాని నెవ్వరును విప్పుకొని పోరాదు.

ఇట్టి బొమ్మల చరిత్ర చిన్నదేమియు కాదు. లివర్‌పూలు నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ యనువారు స్థాపించిన మెకానో కంపెనీవారు 1934వ సంవత్సరమున డింకీ టాయ్స్ అను పేరుతో పోత విమానములను అమ్మజొచ్చిరి. ఆ మొదటి వానిలో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి అటలాంటా అను నాలుగింజనుల విమాన మొకటి. 1933 నుండి కరాచీ కలకత్తాల నడుమ తపాలాను, ప్రయాణికులను మోసినది ఈ జాతి విమానమే. కాబట్టి ఇంగ్లండులో నొక బాలుడు బల్లపై నడిపిన బొమ్మ మన దేశపు ఆకాశమున తిరిగిన విమానముయొక్క ప్రతిమయే యని చెప్పవచ్చును. డింకీ కర్మాగారము 1979లో మూతపడినది.

ఆ కాలపు విమానములు నేడు చాలవఱకు చెడిపోయినవి. ఎవరును క్రింద పడవేయలేదు, త్రొక్కలేదు. పెట్టెలో నుండగనే వాపు వచ్చి, బీటలు వారి, పొడిపొడిగా రాలిపోయినవి. దీనిని జింకు తెగులు అందురు. జింకులో సీసము గాని తగరము గాని స్వల్పముగా కలిసిన యెడల, గాలిలోని తేమ తగిలి లోహపు కణముల నడుమ క్షయము ప్రారంభమగును. పైన రంగు నిగనిగలాడుచునే యుండును; లోపల గోడ పుచ్చిపోవుచుండును. ఒకసారి పట్టినచో దీనికి మందు లేదు. వంద పాళ్లలో 99.99 పాళ్లు శుద్ధమైన జింకును వాడుటయే నివారణము. నేటి మంచి తయారీలో ఈ భయము చాలవఱకు పోయినది. పాతవానిని కొనువారు మాత్రము ఱెక్క మొదట సన్నని బీట గలదేమో చూడక డబ్బు చెల్లింపరాదు.

ఇక కొలతల సంగతి. జర్మనీ దేశపు హెర్పా వారి చిన్న విమానములు 1:500 ప్రమాణము గలవి. అమెరికాలోని జెమిని జెట్స్ వారివి ముఖ్యముగా 1:400. పెద్దవి కావలెనన్న 1:200 దొరకును. మన బీరువాలోనివి దాదాపు అన్నియు 1:400, అనగా నిజమైనదానిలో 400వ వంతు. బోయింగు 747-400 పొడవు 70.66 మీటర్లు; 400 చేత భాగింపగా 17.7 సెంటిమీటర్లు వచ్చును. ఎయిర్‌బస్ ఎ380 ఱెక్కల విస్తారము 79.75 మీటర్లు, బొమ్మకు 19.9 సెంటిమీటర్లు. చిన్న పట్టణములకు తిరుగు ఏటీఆర్ 72 పొడవు 27.17 మీటర్లు, బొమ్మ 6.8 సెంటిమీటర్లు, అనగా మీ పెన్సిలులో సగము. స్కేలు పుచ్చుకొని కొలిచి చూడుడు. 7వ తరగతివారు నిష్పత్తులను ఈ సంవత్సర మిట్లే నేర్చుకొనిరి. లెక్కలపుస్తకములోని పాలు నీళ్లకంటె నిది వారికి రుచించినది.

ఈ 400 తో ఆడుకొన్నకొలది వింతలు బయటపడును. ఆరడుగులకు తక్కువైన మనుష్యుడు బొమ్మప్రక్కన నాలుగు మిల్లీమీటర్ల చీమ. ఇప్పుడు ఆకాశమును కూడ 400వ వంతు చేయుదము. విమానము సామాన్యముగా 35,000 అడుగుల యెత్తున, అనగా 10,668 మీటర్ల యెత్తున పోవును. మన లెక్కలో నది 26.7 మీటర్లు, మన పాఠశాల ఆవరణలోని కొబ్బరిచెట్టుకంటె కొంచెము పైగా. హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు ఆకాశమార్గమున సుమారు 500 కిలోమీటర్లు. బొమ్మకు 1,250 మీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగము క్షణమునకు 250 మీటర్లగును. బొమ్మకు 62 సెంటిమీటర్లు. కనుక చేతిలో చిన్న విమానమును బట్టుకొని ఆమడలు దాటుచున్నట్లు పరుగెత్తు బాలుడు నిజమునకు ధ్వనివేగమును మించి పోవుచున్నాడు. నిదానముగా నడచుచు, క్షణమునకు రెండడుగులు మాత్రము సాగినచో లెక్క సరిపోవును.

బరువు విషయమున 400 చేత భాగించిన తప్పు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గినవి గనుక 400 ను మూడు మాఱులు గుణింపవలెను, అది 6,40,00,000. బోయింగు 747-400 నిండుబరువుతో లేచునపుడు సుమారు 3,97,000 కిలోలు. భాగింపగా 6.2 గ్రాములు మాత్రమే వచ్చును! చేతిలోని బొమ్మ దీనికెన్నో రెట్లు బరువు. ఏలయనగా నిజమైన విమానపు చర్మము ఏ రెండు మిల్లీమీటర్లో మందము గలది. దానిని 400వ వంతు చేసిన, మిల్లీమీటరులో 200వ వంతగును. అంత పలుచని పోత యెవ్వరును పోయలేరు. బొమ్మగోడ ఒక మిల్లీమీటరున్నదనుకొనుడు. నిజమైన విమానమున కది 40 సెంటిమీటర్ల గోడ, అనగా కోటగోడ. కాబట్టి ఇది యెగురునా యని యడిగిన 3వ తరగతి చిన్నవానికి నా సమాధానము: ఆకారము విమానమే, శరీరము మాత్రము రోకలి.

తోకకు ముందు శరీరముపై నుండు యక్షరములు సంగ్రహకులకు ప్రాణము వంటివి. ప్రతి విమానమునకును ఏ దేశమున నమోదయ్యెనో తెలుపు గుర్తుండును. మన దేశమునకు వీటీ, బ్రిటనుకు జీ, జర్మనీకి డీ, ఫ్రాన్సునకు ఎఫ్, అమెరికాకు ఎన్. ఆ తరువాతి యక్షరములు గాని యంకెలు గాని ఆ యొక్క విమానమునకే చెందును. బోయింగు 747 లు మొత్తము 1,574 చేయబడి, కడపటిది 2023 జనవరి 31న అప్పగింపబడినది. అన్నియు దూరమునుండి ఒక్కటివలెనే కనబడును. కాని మనుష్యులలో వలె వానికిని వేర్వేరు జీవితములు గలవు. ఒకటి ముప్పదియేండ్లు సేవచేసి యెడారిలో విప్పబడును, ఒకటి సరకుల బండిగా మారును. వీటీ-ఈఎఫ్ఓ అను నక్షరములు గల ఎయిర్ ఇండియా వారి కనిష్క 1985 జూన్ 23న ఐర్లండు తీరమునకు సమీపమున ఆకాశముననే బాంబుచే పేల్చబడి 329 మందితో సముద్రము పాలైనది. అట్టి విమానముయొక్క ప్రతిమను బల్లపై అలంకారముగా నుంచవచ్చునా యని సంగ్రహకులలో వాదము గలదు. క్రింద తేదీయు, మృతుల సంఖ్యయు వ్రాసిన చీటి నుంచక ఉంచరాదని నా యభిప్రాయము.

ఒకే విమానము రెండు సంస్థల రంగులు ధరించుటయు కలదు. ధ్వనికంటె వేగముగా పోయిన కాంకార్డులలో జీ-బీఓఏడీ అనునది లండను సింగపూరుల నడుమ తిరిగిన కాలమున, ఎడమప్రక్క సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగులతోను, కుడిప్రక్క బ్రిటిష్ ఎయిర్‌వేస్ రంగులతోను ఉండెడిది. నేడది న్యూయార్కులోని ఇంట్రెపిడ్ ప్రదర్శనశాలలో నున్నది. దాని బొమ్మను చూచినవారు ముద్రించువాని పొరపాటని యనుకొందురు.

తఱచు ప్రయాణికునకు ఈ బొమ్మలపై నేల మక్కువ కలుగును? 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు, తమ విమానములలో నెన్ని మైళ్లు తిరిగిన నన్ని మైళ్లను లెక్కవ్రాసి, వానికి బదులు ఉచిత ప్రయాణము లిచ్చు పద్ధతిని ఆరంభించిరి. తరువాత లోకమునందలి పెద్ద సంస్థలన్నియు దాని ననుసరించినవి. ప్రయాణికుని వద్ద మైళ్ల లెక్క మిగులును గాని వస్తు వేమియు మిగులదు. ఒకప్పుడు ఎఱ్ఱని కార్బను కాగితముల టిక్కెట్టు పుస్తకమైన నుండెడిది. 2008 జూన్ 1 నుండి అంతర్జాతీయ విమానసంస్థల సంఘమువారు కాగితపు టిక్కెట్లను మాన్పించిరి. ఎక్కునపుడు చూపు చీటియు నిప్పుడు టెలిఫోనులోని గీతల బొమ్మయైనది. రైలులో ప్రయాణించువాడు కిటికీనుండి ఊళ్లను, నదులను చూచును. విమానప్రయాణికుడు మేఘములపై నిద్రించి, లేచి, మఱొక దేశమున దిగును. తా నెక్కినదాని ఆకారమును వెలుపలినుండి చూడనైన చూడడు. గొట్టమువంటి వంతెనలో నడచి లోపల ప్రవేశించును, అట్లే వెలికి వచ్చును. చేతిలో బట్టుకొని నలుదిక్కుల త్రిప్పి చూడదగిన వస్తువు కావలెనని వానికి తోచుట సహజము.

మా బావగారి నియమము కఠినమైనది: తా మెక్కని విమానమును కొనరాదు. జాతి యొక్కటైన చాలదు, సంస్థయు ఒక్కటి కావలెను, సాధ్యమైనంతవఱకు తోక యక్షరములును సరిపోవలెను. మొదటిది 1991లో మద్రాసునుండి బొంబాయికి పోయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ300. మొదటి అరలో ఎడమ చివరది. ఆ నియమమువలన బీరువాలో కాంకార్డు లేదు. 1945లో హైదరాబాదున స్థాపింపబడిన దక్కన్ ఎయిర్‌వేస్ వారు నడిపిన డకోటాయు లేదు. తెలుగుదేశపు ఆకాశయాన చరిత్రలో నంత ముఖ్యమైనది లేకపోవుట నాకు కొఱతగానే కనబడుచున్నది. ఆయనతో ఆ మాట యన్నపుడు, "మీరు చరిత్ర చెప్పుకొనుడు, నేను నా ప్రయాణములు చెప్పుకొందును" అనిరి. ఆ మాటయు న్యాయమే.

అక్షరములను పట్టుకొనుట పూర్వము ప్రయాసతో కూడినది. విమానాశ్రయమున కూర్చున్న చోటినుండి తోక కనబడవలెను. లేనిచో ముక్కుక్రింద చక్రపు తలుపుమీద కడపటి రెండక్షరములైన చూడవలెను. ఆయన పరిగెత్తుచు పోయి కిటికీకి ముఖ మానించి వ్రాసికొనెడివారట. కావలివాండ్రు అనుమానించి ప్రశ్నించుటయు గలదు. నేడు విమానములు చాలవఱకు తమ స్థానమును రేడియోద్వారా చాటుచు పోవును. స్వీడను దేశమువారి ఫ్లైట్‌రాడార్24 వంటివి ఆ సంకేతములను నేలమీది వేలకొలది గ్రాహకములతో నందుకొని పటముపై చూపును. టెలిఫోనులో చూచిన నక్షరములు తెలియును. పని సులువైనది, వేట రుచి తగ్గినదని ఆయన యభిప్రాయము.

బీరువాను అరవెంబడి చూచుచు పోయినచో మన దేశపు విమానసంస్థల చరిత్ర కనులకు గట్టును. 1953లో ఎనిమిది సంస్థలను కలిపి స్థాపించిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఎయిర్ ఇండియాలో కలుపబడినది. 1993లో మొదలైన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయినది. 2005లో వచ్చిన కింగ్‌ఫిషర్ 2012లో నిలిచిపోయినది. 2015లో వచ్చిన విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసినది. వేలమంది జీతములతో, వందల విమానములతో, పత్రికలనిండ ప్రకటనలతో వెలిగిన పేళ్లు నేడు పది సెంటిమీటర్ల లోహముపై మాత్రమే మిగిలినవి. ఎయిర్ ఇండియా వారి 747 లలో మిగిలిన యొకటి 2024 ఏప్రిల్ నెలలో ముంబాయినుండి లేచి అమెరికాకు పోయినది, మరల రాలేదు. దాని గవాక్షములను చూడగోరువారు భూతద్దమును పుచ్చుకొనవలెను.

విమానములతోబాటు ఆయన తమ ప్రయాణముల పుస్తకమును కూడ నకలు వ్రాయించి యిచ్చిరి. తేదీ, ఎక్కిన చోటు, దిగిన చోటు, విమానపు జాతి, తోక యక్షరములు, కూర్చున్న స్థానము అందు గలవు. కొన్న ప్రతిమలకు 1 మొదలు 100 వఱకు వరుససంఖ్యలు వేసిరి. 8వ తరగతి బాలిక యొకతె పుస్తకమును బీరువాతో సరిచూచి, 31, 32, 58, 59 సంఖ్యలు లేవనియు, ఎవరైన తీసిరేమో యనియు నాతో చెప్పినది. ఆమె శ్రద్ధను మెచ్చుకొని, సంగతి చెప్పితిని. ఇతరులకును తెలియుట మంచిది.

కొన్ని సంవత్సరముల క్రిందట బావగారు ఈ పుస్తకమును బల్లపై నుంచుకొని, తాము తిరిగిన దూరము భూమిచుట్టు నెన్ని మాఱులగునో కూడుచుండిరట. మా అక్క భోజనమునకు పిలువవచ్చి, "ఏమండీ, ఇందులో మీరు బయలుదేరిన తేదీలున్నవి, తిరిగివచ్చిన తేదీలున్నవి. నడుమ రాత్రులెన్నో కూడి చూచితిరా?" అని యడిగినది. నిష్ఠూరముగా నడుగలేదు, ఆమె స్వభావ మది కాదు. ఆయన లెక్కలలో దిట్ట గనుక ఆ రాత్రియే కూర్చుండి కూడిరి. 3,914 వచ్చినది. అనగా పదిసంవత్సరములకు పైగా. మా మేనల్లుడు చిన్నతనమున బడిలో, మీ నాన్న ఏమి పని చేయునని యడిగిన, "విమానములు ఎక్కును" అని చెప్పెడివాడు. వానికి జ్వరము వచ్చిన నాడు, వాని మొదటి బహుమానము నాడు, మా నాయనగారు పోయిన నాడు ఆయన యెచ్చట నున్నారో ఆ పుస్తకములో స్పష్టముగా నున్నది. ఊరు, విమానము, స్థానము, కిటికీ ప్రక్కనా కాదా, అన్నియు నున్నవి.

మఱునాడు ఆయన బీరువాలోనుండి నాలుగు విమానములను తీసి, వంటగది ప్రక్కనున్న చిన్న గూటిలో పెట్టిరి. కుటుంబమంతయు కలిసి ప్రయాణము చేసినవి అవి నాలుగే: ఆగ్రా చూచుటకు ఢిల్లీకి పోయిన దొకటి, వచ్చిన దొకటి, సింగపూరునకు పోయిన దొకటి, వచ్చిన దొకటి. పాఠశాలకు ఇచ్చుటకు మిగిలినవానిని కట్టునపుడు వానిని కూడ కట్టబోగా, మా అక్క ఆ నాలుగింటిని ఈయనన్నది. కాబట్టి బాలురారా, మీ బీరువాలో ఏదియు దొంగిలింపబడలేదు.

వెల సంగతి చెప్పెదనంటిని. 1:400 విమాన మొకటి నేడు కొన్ని వేల రూపాయలు పలుకును. 1:200 దానికి రెండు మూడింతలు. అది యొక కుటుంబమునకు నెల బియ్యమునకు సరిపోవు సొమ్ము. తల్లిదండ్రులు భయపడ నక్కఱలేదు. నేనెవ్వరిని కొనుమని చెప్పుటలేదు. సంగ్రహమునకు మూలము కొనుట కాదు, వ్రాసికొనుట. మీ రెక్కిన రైలుయొక్క, బస్సుయొక్క సంఖ్య, తేదీ, ఊరు వ్రాసికొని, ఆ బండి బొమ్మను 1:400 ప్రమాణమున గళ్ల కాగితముపై గీచినచో సంగ్రహ మారంభమైనట్లే. 9వ తరగతిలో నిద్దఱు గోదావరి వంతెనను అట్లు గీయ మొదలుపెట్టి, కాగితము చాలక, వరండాగోడ వెంబడి అతికించుచున్నారు.

మన ఊరివంటి తేమగల చోట వీనిని కాపాడుట కష్టమే. ఎండ తగిలిన తెలుపు పసుపగును. కావున కిటికీకి ఎదురుగా నున్న బీరువా తెరను తీయరాదు. తేమను పీల్చు సిలికా పొట్లములను నెలకొకసారి మార్చవలెను. దుమ్మును మెత్తని కుంచెతో తుడువవలెను. స్పిరిటు గాని థిన్నరు గాని తగిలిన ముద్ర చెఱగిపోవును. పట్టుకొనునపుడు ఱెక్కను గాని తోకను గాని పట్టక, శరీరమును రెండు వ్రేళ్లతో పట్టవలెను. చక్రముల కాళ్లు సన్నని ప్లాస్టిక్ వగుటచే బల్లపై దొర్లించుట కూడదు. చేతికి చమురున్న లవణము లోహమున కంటును; మధ్యాహ్న భోజనానంతరము చేతులు కడుగనిదే రారాదు.

బీరువా ప్రతి శుక్రవారము సాయంకాలము 4 గంటలకు తెఱవబడును. తాళపుచెవి నా వద్దను, ప్రయాణముల పుస్తకము 8వ తరగతిలోని ఆ బాలిక వద్దను ఉండును.